చుక్కను మోసే నూనె

ఇప్పుడు నేను చెప్పబోయేది క్షీరసాగర మథనానికి ఏమాత్రం తీసిపోని కథ. ఇందులో కొండ ఉంది. కొండకు చుట్టుకున్న పాము ఉంది. చెమటలు కక్కుతూ నిలబడ్డవాళ్లున్నారు. మధ్యలో విషం పుట్టింది, కాసేపటికి అమృతం లాంటిదొకటి నిజంగానే పుట్టింది. మూడు తరాల వంశచరిత్ర కూడా కలిసి వస్తుంది. తీరిగ్గా చెప్పుకుంటే పద్దెనిమిది పర్వాలవుతుంది.

అంత లేదు. కొండ అంటే మూడు రాగి దిమ్మెలు, మూడూ కలిపితే టిఫిన్ క్యారియరంత. పాము అంటే వెంట్రుక కన్నా కాస్త లావైన గాజు గొట్టం. నిలబడ్డవాళ్లం ఇద్దరం, అక్కా నేనూ. చిలికింది మేం కూడా కాదు, ఒక సిరంజి పంపు. విషం అంటే మాడిన నువ్వుల నూనె వాసన. గాజు గొట్టంలో నీటిచుక్కను మోసుకుపోవడానికి ఏ నూనె మంచిదో ఇద్దరు చదువుకున్నవాళ్లు తేల్చలేకపోయారు. కథంటే ఇంతే.

తొంభైల చివరి సంగతి. ఊరి పేరు మద్రాసు పోయి చెన్నై వచ్చింది కానీ ఆ కబురు మా పెదనాయనకు ఇంకా అందలేదు. నేను ఎమ్మెస్సీ ముగించి ఊరికి దక్షిణాన ఒక పరిశోధనశాలలో ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరాను. విజ్ఞానం మీద ప్రేమతో చేరానని ఇంటర్వ్యూలో చెప్పాను. నిజానికి నూనె మీద విరక్తితో చేరాను. మాది వాషర్‌మెన్‌పేట్‌లో టోకు నూనె కొట్టు. కింద కొట్టు, మీద ఇల్లు. మా ఇంట్లో తలుపు గడియలు కిర్రుమనేవి కావు, పుస్తకాల అట్టలు చేతిలో నిలిచేవి కావు. బళ్లో నా జవాబు పత్రాన్ని వెలుతురుకు పెడితే అవతలి పేజీలోని తప్పులు కూడా కనిపించేవి. ఆ జిడ్డు వదిలించుకుని, తెల్లకోటు వేసుకుని, పొడిగా బతుకుదామని వెళ్లాను.

మొదటి రోజే అక్క అడిగింది. అక్క అంటే ఆ ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్న సీనియరు. అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేటులో వాళ్ల నాన్నకు లోహం చెక్కే చిన్న లేతు షెడ్డు. వాళ్లూ మాలాగే ఎన్ని తరాల కిందటో ఇటు వచ్చిన తెలుగువాళ్లు. అందుకని మా ఇద్దరిదీ ఒకే రకం తెలుగు, అంటే సగం తమిళం.

"మీది నూనె కొట్టంట కదా?"

"ఆ కొట్టు మా పెదనాయనదక్కా. నాకూ దానికీ సంబంధం లేదు."

"ఉండాదిలే. అయితే నూనె సంగతి నువ్వే చూస్కో."

అలా కులవృత్తి నాకు శాస్త్రీయంగా అప్పగించబడింది.

అక్క పని ఏమిటో చెప్పాలి. డీఎన్‌ఏ కంటికి ఆననంత కొంచెం ఉన్నప్పుడు దాన్ని పెంచడానికి ఒక పద్ధతి ఉంది. ఎంజైమ్‌తోనూ మరికొన్ని సరుకులతోనూ నీళ్లలో కలిపి బాగా వేడి చేస్తారు, చల్లారుస్తారు, మళ్లీ కొంచెం వేడి చేస్తారు. ఒక చుట్టు తిరిగితే డీఎన్‌ఏ రెండింతలు. అలా చాలా చుట్లు తిప్పి, చివర్లో జెల్ అనే పల్చటి ముంజలాంటి దాంట్లో నడిపిస్తే, పని జరిగి ఉంటే ఒక వెలుగు గీత కనిపిస్తుంది. జరగకపోతే జెల్ మాత్రమే కనిపిస్తుంది. మామూలు యంత్రం చుక్కను ఒకచోట కూర్చోబెట్టి వేడినీ చలినీ దాని దగ్గరికి తెస్తుంది. అక్కది తిరకాసు ఆలోచన. వేడి ఉన్నచోటే ఉండాలి, చుక్కే తిరగాలి. మూడు రాగి దిమ్మెలు, ఒక్కొక్కటి ఒక్కో వేడిలో. వాటి చుట్టూ గాజు గొట్టం మెలికలు మెలికలుగా. చుక్క ఒక చివర ఎక్కి, తిరుపతి క్యూలో భక్తుడిలా అన్ని మెలికలూ తిరిగి, రెండో చివర దిగేసరికి దర్శనం అయిపోయి ఉంటుంది. విదేశాల్లో అద్దం పలక మీద వెంట్రుకంత కాలువలు చెక్కి ఇదే పని చేస్తున్నారని చదివాం. మాకు అద్దం చెక్కే యంత్రం లేదు. అంబత్తూరులో లేతు ఉంది. కాబట్టి దిమ్మెలు అక్క వాళ్ల నాన్న చేసిపెట్టారు, కాలువకు బదులు గొట్టం వచ్చింది.

చుక్క దానంతట అది నడవదు. వెనకనుంచి ఏదో ఒకటి తొయ్యాలి. నీటితో తోస్తే అందులో కలిసిపోతుంది. గాలితో తోస్తే వేడి దిమ్మె దగ్గర ఉబ్బి తన్నేస్తుంది. మిగిలింది నూనె. ఒక ముక్క నూనె, ఒక చుక్క, మళ్లీ ఒక ముక్క నూనె, మళ్లీ ఒక చుక్క, రైలు పెట్టెల్లాగా. ఈ మోసే నూనెకు ఉండాల్సినన్ని లక్షణాలు ఏ పెళ్లికొడుకులోనూ ఎవరూ వెతికి ఉండరు. మరగకూడదు. నీటిని తనలోకి తాగకూడదు. ఎంజైమ్ జోలికి పోకూడదు. మందంగా ఉంటే పంపు తొయ్యలేదు, పల్చగా ఉంటే చుక్కను పక్కకు నెట్టి తనే ముందు పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, చుక్కకూ గాజుకూ నడుమ పొరలా నిలబడి చుక్క గాజుకు అంటుకోకుండా కాయాలి. అంటుకుందా, ఎంజైమ్ మొత్తం గాజుకు సమర్పణ.

ఇందులో అక్కకు పోయేది చాలా ఉంది. ఆమె రిజిస్ట్రేషన్ గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు. ఏప్రిల్లో కమిటీ వస్తుంది, గొట్టంలో పని జరిగినట్టు వాళ్లకు చూపించాలి. చూపిస్తే ఆ గొట్టం మీదే థీసిస్ రాసుకోవచ్చు. లేకపోతే నాలుగేళ్ల పని మూట కట్టుకుని అంబత్తూరు బస్సెక్కాలి. దిమ్మెలు సిద్ధం, గొట్టం సిద్ధం, పంపు సిద్ధం. నూనె ఒక్కటే తక్కువ. అది నా శాఖ.

మొదట సిలికోన్ నూనె పెట్టాం. చుక్కలు బ్రహ్మాండంగా నిలిచాయి. కదల్లేదంతే. పంపు మూలిగి మూలిగి, గొట్టం అతుకు ఊడి, ఆ నూనె మా గైడు సార్ చొక్కా మీద పడింది. సార్ తమిళాయన, నెమ్మదస్తుడు. చొక్కా చూసుకుని, "ఇది మరగదు కదా, ఫరవాలేదు" అని వెళ్లిపోయారు. పల్చటి రకం తెచ్చాం. అది కదిలింది కానీ, దానిలో దాక్కున్న గాలి వేడి దిమ్మె దగ్గర బుడగలై పైకొచ్చి చుక్కల్ని ముక్కలు చేసింది. ఫ్లోరిన్ కలిసిన నూనె అన్నిటికన్నా శ్రేష్ఠమని ఎక్కడో చదివాం. సార్ స్నేహితుడొకాయన విదేశం నుంచి వస్తూ అత్తరు సీసా అంత తెచ్చిపెట్టారు. అది శ్రేష్ఠమే అనుకుంటాను. అతుకు దగ్గర కారి బల్ల మీద పడి, మేం చూస్తూండగానే ఆవిరై స్వర్గానికి పోయింది. మంచివాళ్లు ఎక్కువకాలం ఉండరు.

చివరికి పారఫిన్ నూనె. అది మందుల షాపులో దొరుకుతుంది, విరేచనం సాఫీగా కావడానికి తాగుతారు. నేను వారానికోసారి వెళ్లి రెండేసి సీసాలు తెస్తుంటే షాపాయన ఒకరోజు గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంట్లో ఎవరికి, తంబీ?"

"ఇంట్లో కాదండీ, ల్యాబుకు."

"ల్యాబులో అందరికీనా?"

ఆయన జాలిపడి, రాత్రిపూట అరటిపండు తినమని అందరికీ చెప్పమన్నాడు. చెప్పాను. పారఫిన్‌తో చుక్కలు కదిలాయి, బుడగలు తగ్గాయి, కానీ సగం దారిలో గాజుకు అంటుకుని, వెనకొచ్చే చుక్కతో కలిసి, తర్వాతి చుక్కతో కూడా కలిసి, సంతలో తప్పిపోయిన పిల్లలంతా ఒకచోట చేరినట్టు చేరేవి. జెల్‌లో జెల్ కనిపించింది. మళ్లీ మళ్లీ కనిపించింది. అక్క ప్రతిసారీ గొట్టం మార్చి, చుక్క కొత్తగా కలిపి, తన చేతులు చూసుకునేది. నేను జోకులు వేసేవాణ్ని. అంతకన్నా చేయడానికి నాకు ఏమీ లేదు.

మందుల షాపు వార్త ఎలా చేరిందో పెదనాయనకు చేరింది. భోజనాల దగ్గర ఎత్తుకున్నారు.

"ఏమబ్బయా, నూనె కొట్లో పుట్టినోడివి, మందుల షాపులో సీసాల్లెక్కన నూనె కొంటా ఉండావంట. ఊరంతా నవ్వతా ఉండారు."

"ఊరంతా కాదు పెదనాయనా, షాపాయనొక్కడే. ఆయన గూడా నవ్వలేదు, జాలిపడ్డాడు."

"తినేదా, పూసుకునేదా?"

"రెండూ కాదు. నీటిచుక్కను మోసేది."

పెదనాయన ముద్ద కలపడం ఆపారు. "నూనెలో నీళ్లు కలిపేదానికా నిన్ను ఎమ్మెస్సీ దాకా చదివించింది? ఆ పని మన వీధిలో చదువుకోకుండానే చేస్తా ఉండారు కదప్పా."

అలా అన్నా, పరువు విషయం కాబట్టి, తెలిసిన టోకు వర్తకుడితో మాట్లాడి పీపాలోంచి అదే పారఫిన్, అదే తయారీ, ఒక డబ్బా పట్టించి పంపారు. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఊరి ఈ చివరనుంచి ఆ చివరకు బస్సులో వెళ్లాను. పక్కన కూర్చున్నాయన ప్యాంటుకు కొంచెం అంటింది. ఆయన తిట్టాడు. అది తప్ప ప్రయాణంలో విశేషం లేదు.

ఆ డబ్బాలో నూనె సిరంజిలోకి ఎక్కించి పంపు వేశాం. చుక్కలు నడిచాయి. ఒకదాని వెనక ఒకటి, ఒకదాన్నొకటి తాకకుండా, ప్రార్థన అయ్యాక తరగతికి వెళ్లే కాన్వెంటు పిల్లల్లా నడిచాయి. వేడి దిమ్మె మీద, చల్లటి దిమ్మె మీద, అన్ని మెలికల్లో. సాయంత్రం జెల్‌లో గీత వచ్చింది.

అక్క స్టూలు లాక్కుని కూర్చుంది.

"వచ్చిందిరా," అంది. తర్వాత, "సరిచూసేదానికి డీఎన్‌ఏ వెయ్యని చుక్క గూడా పంపినాం కదా. దాంట్లో?"

"దాంట్లో ఏమీ లేదక్కా. నా భవిష్యత్తు మాదిరి శుభ్రంగా ఉండాది."

మర్నాడూ వచ్చింది. ఆ వారమంతా వచ్చింది. సార్ వచ్చి చూసి, మొదటిసారి మా ఇద్దరికీ కాఫీ చెప్పారు. అమృతం పుట్టిందన్నది ఇక్కడే. ఇక్కడ ఆపేస్తే బాగుండేది. అక్క ఆపలేదు.

"థీసిస్‌లో ఫలానా పారఫిన్ అని రాసేటప్పుడు, అది ఎవరైనా కొనుక్కునేదిగా ఉండాల. నీ డబ్బా ఎవరికి దొరకతాది? షాపు సీసాతో ఒకసారి చేసి చూస్తాం."

"ఒకటే నూనె కదక్కా. ఒకటే తయారీ."

"అందుకే చుమ్మా, ఊరికే, చూస్తాం అంటా ఉండా."

షాపు సీసాతో చేశాం. చుక్కలు అంటుకున్నాయి. డబ్బా నూనెతో చేశాం. నడిచాయి. మళ్లీ సీసా, మళ్లీ డబ్బా. సీసాల్లో తేడా ఉందేమోనని ఇంకో నాలుగు కొన్నాను. షాపాయన ఈసారి డాక్టరు పేరు చెప్పాడు. సీసాలన్నీ ఒకేలా ఓడిపోయాయి. డబ్బా ఒక్కటే గెలుస్తోంది. ఒకే పేరు, ఒకే సరుకు. ఎందుకు గెలుస్తోందో తెలియని గెలుపు ఓటమి కన్నా ఎక్కువ భయపెడుతుందని అప్పుడు తెలిసింది. మార్చి సగం గడిచిపోయింది.

అక్కను తీసుకుని వాషర్‌మెన్‌పేట్ వెళ్లాను. పెదనాయన కాఫీ తెప్పించి, గద్దె మీద చోటిచ్చి, ఆడబిడ్డ కొట్టుకు వచ్చిందని గుమాస్తాను పక్కకు జరగమన్నారు. అక్క సూటిగా విషయానికొచ్చింది.

"ఆ నూనె ఎట్ల వచ్చిందో చెప్తారా పెదనాయనా?"

"ఎట్లేముందమ్మా. పీపాలో ఉండేది మన డబ్బాలో పోయించినా."

"డబ్బా కడిగినారా?"

గుమాస్తా తలెత్తి చూశాడు. తూకం దగ్గరున్నవాడు చెయ్యి ఆపాడు. కొట్లో ఎవరో అశుభం మాట్లాడినట్టు అందరూ ఇటు తిరిగారు.

"కడిగేదా?" అన్నారు పెదనాయన. "నూనె డబ్బా కడగరమ్మా. బోర్లించరు. అడుగున గరిటెడు ఎప్పుడూ ఉండాల, దాని మీదనే కొత్తది పొయ్యాల. పూరా ఖాళీ చేస్తే లక్ష్మి పోతాది."

ఇది నాకు తెలియని విషయం కాదు. మా కొట్లో సరుకు అయిపోయిందని కూడా అనరు, నిండుకుందంటారు. కానీ తెలిసిన విషయం అవసరానికి గుర్తు రావడం వేరే చదువు. దానికి డిగ్రీ లేదు.

"ఆ గరిటెడు ఏం నూనె?" అంది అక్క, గొంతు మారకుండా.

"నువ్వుల నూనె."

"దీపావళప్పుడు ఆముదం పోస్తిమే దాంట్లో," అన్నాడు గుమాస్తా.

"అవును, ఆముదం. అంతకు ముందు శెనక్కాయ నూనె. దానికి ముందు మా నాయన కాలంలో ఏం పోసినారో నాకెట్ల తెలుస్తాది? డబ్బా మా తాత కొన్నది." పెదనాయన గొంతులో గర్వం వినిపించింది. "కొన్నప్పట్నుంచి ఒక్కసారి గూడా ఖాళీ కాలేదు."

తిరుగు బస్సులో అక్క టికెట్లు తీసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"వాడిన పదార్థాలు అని ఒక భాగం రాయాల రా. దాంట్లో ఏమని రాసేది?"

"మూడు తరాల నూనె, వాషర్‌మెన్‌పేట్ అని రాయండి."

"బ్యాచ్ నంబరు?"

"లక్ష్మి."

నవ్వింది. నవ్వి, దిగే స్టాపు దాటిపోయేవరకు లేవలేదు.

ఆ తర్వాతి రోజుల్లో మేం చేసింది పరిశోధన అనొచ్చు, వంట అనొచ్చు. కొత్త పారఫిన్‌లో నువ్వుల నూనె కలిపాం. వేడి దిమ్మె దగ్గర అది మాడి బంకలా గొట్టానికి అంటింది. పక్క ల్యాబువాళ్లు వచ్చి అప్పడాలు ఎవరు వేయిస్తున్నారని అడిగారు. ఆముదం పారఫిన్‌తో కలవనే లేదు, అడుగున అలిగి కూర్చుంది. శెనక్కాయ నూనె ఒకరోజు పనిచేసింది, మర్నాడు అదే సీసా పనిచెయ్యలేదు. పాతబడ్డ నూనెలో సబ్బులాంటి గుణం ఏదో పుడుతుందని, అదే గాజు మీద పొరగా నిలబడుతోందని అక్క ఊహ. సరే అని సబ్బు జాతి మందు ఒకటి కలిపితే చుక్కలన్నీ విరిగి గొట్టం నిండా మజ్జిగ తయారైంది. సార్ డబ్బా నూనె కొంచెం వేరే ఊరి ల్యాబుకు పరీక్షకు పంపించారు. ఇది పలు నూనెల మిశ్రమం అని వాళ్లు తేల్చి చెప్పారు. మేం కృతజ్ఞతలు తెలుపుకున్నాం.

కమిటీకి వారం ఉందనగా సార్ అక్కను పిలిచి మెల్లగా అన్నారు. ఆయన తమిళంలో అన్నదాన్ని నేను తెలుగులో పెడుతున్నాను. "పారఫిన్ అని రాసెయ్యమ్మా. అబద్ధం కాదు కదా. ముప్పాతిక మువ్వీసం పారఫినే."

అక్క బయటికొచ్చాక నాతో అంది.

"పారఫిన్ అని రాస్తే ఎవరో ఒకరు చదివి, సీసా కొనుక్కొని చేస్తారు. వాళ్లకు రాదు. తప్పు తమ చేతిలో ఉండాదనుకుంటారు. మనం అనుకోలేదా ఇన్ని నెల్లు?"

నేను వెళ్లి డబ్బా మూత ఇంకో చుట్టు బిగించాను. 

ఏప్రిల్ ఎండలో కమిటీ వచ్చింది. ముగ్గురు పెద్దలు. వడలు, కాఫీ సిద్ధం. పంపు దగ్గర నేను, దిమ్మెల దగ్గర అక్క. ఆరోజు చుక్కలు ఎన్నడూ లేనంత చక్కగా నడిచాయి. ఒకాయన భూతద్దం తీసుకుని గొట్టం మీద వంగి, లేవడం మర్చిపోయారు. జెల్‌లో గీత, తుడిచి గీసినట్టు. సార్ ముఖం వెలిగింది. అప్పుడు రెండో ఆయన, కాఫీ గ్లాసు కింద పెడుతూ, మర్యాదకు అడిగినట్టే అడిగారు.

"మోసే ద్రవం ఏమిటమ్మా?"

అక్క అంతా చెప్పింది. పారఫిన్, డబ్బా, గరిటెడు నువ్వుల నూనె, ఆముదం, తాతగారు. ఏదీ దాచలేదు, ఏదీ నవ్వులాటగా చెప్పలేదు. నేను పంపు వైపే చూస్తూ నిలబడ్డాను. నా జీవితంలో అంత గొప్ప జోకును అంత గంభీరంగా ఎవరూ చెప్పగా వినలేదు, నాకు నవ్వు రాలేదు.

"ఆ డబ్బా ఒలికిపోతే?" అన్నారాయన.

"అంతే సార్."

"ఇంకో కొట్టు నుంచి ఇంకో డబ్బా తెస్తే?"

"తెలియదు సార్."

వాళ్లు లోపల మాట్లాడుకుని వచ్చారు. అక్క నిజాయితీని మెచ్చుకున్నారు. మెచ్చుకోవడం మొదలుపెట్టినప్పుడే నేను పంపు ఆపేశాను. ఒక్కచోటే జరిగేదాన్ని పద్ధతి అనలేమన్నారు. రిజిస్ట్రేషన్ రద్దు చెయ్యరు. గొట్టాన్ని థీసిస్ నుంచి తీసెయ్యాలి. అదే పరీక్షను మామూలు ట్యూబుల్లో, మామూలు యంత్రంలో చేసి, ఆ ఫలితాలు రాసి ఇస్తే చాలు. వడలు బాగున్నాయని కూడా అన్నారు.

"సరే సార్," అంది అక్క.

అందరూ వెళ్లాక దిమ్మెల స్విచ్చి తీసేసింది. రాగి త్వరగా చల్లారదు. ఆమె పక్కన నిలబడింది, నేను ఇటుపక్క నిలబడ్డాను. గొట్టంలో మిగిలిపోయిన చుక్కలు ఎక్కడివక్కడ ఆగిపోయి ఉన్నాయి, అంటుకోకుండా.

"ఏమైనా చెప్పు రా," అంది.

"ఏమీ రావడంలేదక్కా."

"పోనీలే. ఒక్కరోజన్నా గమ్మునుండు."

సోమవారం నుంచి అక్క మామూలు ట్యూబులతో మొదలుపెట్టింది. వేడికి లోపలి నీరు ఆవిరైపోకుండా ప్రతి ట్యూబులోనూ పైన ఒక చుక్క నూనె వెయ్యాలి. దానికి ఏ పారఫిన్ అయినా పనికొస్తుంది.